రెండో గంటకి వచ్చిన పడవ

ఇది మీరు చేసిన పనే. పొద్దున్నే కళ్ళు పూర్తిగా తెరవకుండానే "టీ ఏదీ?" అని కేకేసే మీరు. చెవిలో ఫోను, నోట్లో ముద్ద పెట్టుకుని "నాకు ఊపిరి తీసుకునే తీరిక లేదు" అని ఊరందరికీ చెప్పుకునే మీరు. మీకే తీరిక లేకపోతే మీ వంటింట్లో నిలబడ్డ మనిషికి ఎక్కడుంటుందో ఒక్కరోజు అడిగారా? మీరు పరిగెత్తాలంటే ఇంట్లో ఒక ఆడది కదలకుండా నిలబడి ఉండాలి, మీరు తిరిగొచ్చేదాకా. మీ పరుగంతా ఆమె కాళ్ళ నొప్పి.

పేర్లు చెప్పమంటారు. చెప్తాను. మొదటి పేరు జైతూని. టాంగా ఊళ్ళో ఇంటిపని ఆడవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలు. అంటే నేనే.

నవ్వకండి.

పద్నాలుగో ఏట నేను ఒక అధికారి ఇంట్లో పనికి కుదిరాను. చేపలు చుట్టి ఇచ్చిన పాత పేపర్లు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళు గిన్నెలు తోమాను. ఆ తర్వాత సంఘం పెట్టాను. "వారానికి ఒక రోజు మాది" అన్న మాట టాంగాలో మొదట అన్నది నేను. చీటీలు రాశాను, గేట్ల ముందు కూర్చున్నాను, కుక్కల్ని వదిలితే కరిపించుకున్నాను. ఇవన్నీ గొప్పకి చెప్పడం లేదు. ఇన్ని తెలిసినదాన్ని ఇలా చేశానని చెప్పడానికి చెబుతున్నాను.

మా అమ్మకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. మంచం దిగి నాలుగడుగులు వేస్తుంది, అయిదో అడుగుకి పడిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి సికుధాని.

సికుధానిది పెంబా దీవి. మూడేళ్ళ కిందట తండ్రి మాట ఇచ్చేసిన సంబంధం తనకొద్దని పడవెక్కి మా ఊరొచ్చేసింది. వచ్చేటప్పుడు తండ్రి "నా రాధి నీకు లేదు" అన్నాడట. రాధి అంటే కన్నవాళ్ళు బిడ్డని దగ్గర కూర్చోబెట్టుకుని, తల మీద చెయ్యి పెట్టి, "నా మనసులో నీ మీద ఏమీ లేదు, బాగుండు" అనడం. అది నోటితో చెప్పాలి, చేత్తో ఇవ్వాలి. ఫోన్లో చెల్లదు, మనిషి చేత పంపితే చెల్లదు. రాధి లేని బిడ్డకి ఏదీ అచ్చిరాదంటారు. నేను నమ్మను. సికుధాని నమ్ముతుంది. మూడు పండగలకి నేను కొనిచ్చిన మూడు కొత్త బట్టలూ మడత విప్పకుండా పెట్టెలో ఉన్నాయి. "రాధి లేనిదానికి ఇవెందుకులే అక్కా" అంటుంది.

ఆరోజు గురువారం. మునిసిపల్ ఆఫీసు గుమాస్తాతో ఫోన్లో కొట్లాడుతూ, నిలబడే కొబ్బరన్నం తింటున్నాను. ఇంటి యజమానులతో చర్చలకి రెండేళ్ళుగా తేదీ అడుగుతున్నాం, వచ్చే వారం కాక ఆపై వారం మంగళవారం ఇస్తానంటున్నాడు. సికుధాని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఒక మాట."

"చెప్పు, వింటున్నా." వినడం లేదు.

"మా నాన్న పడవవాడితో కబురు పెట్టాడు. ఆదివారం వస్తున్నాడట. రెండో గంటకి పడవ రేవుకొస్తుంది. నాలుగో గంటకి అదే పడవలో వెళ్ళిపోతాడు. రాధి ఇస్తాడట అక్కా." గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేసింది. "ఆ పూట మీరు అమ్మ దగ్గర ఉంటే..."

"ఉంటాను, ఎందుకుండను? ఆదివారం. రెండు. ఇదిగో ఫోన్లో పెట్టేస్తున్నా, చూడు."

"రెండో గంట అక్కా. మర్చిపోకండి."

"నేను మర్చిపోయినా ఇది మర్చిపోదే పిల్లా!"

మర్చిపోలేదు నిజమే. కానీ మా నోటి గంటలు పొద్దుతో మొదలవుతాయి. పొద్దున ఏడు మాకు మొదటి గంట, ఎనిమిది రెండో గంట. ఫోనుకి మా పొద్దుతో పని లేదు, దానికి రెండంటే మధ్యాహ్నం రెండు. ఈ తేడా టాంగాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆఫీసు కాగితం మీద ఒక లెక్క, నోటి మీద ఒక లెక్క, రోజుకి ఇరవైసార్లు అటుదిటు మార్చుకుంటాం. అలా మార్చుకోవడానికి అరక్షణం పడుతుంది. ఆ అరక్షణం నేను గుమాస్తాకి ఇచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే సంఘం మీటింగుకి పోయాను. మన మీటింగులన్నీ ఆదివారమే కదా. ఎందుకంటే కొట్లాడి సెలవు తెచ్చుకున్న కొద్దిమందికీ దొరికేది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజునీ నేను లాక్కుంటున్నానని అప్పటికి నాకు తోచలేదు. నలభైమంది ఆడవాళ్ళు వచ్చారు. బల్ల మీదికెక్కి అరిచాను. "మన పొద్దు మనది! మన గంట మనది!" చప్పట్లు కొట్టారు. నోరు మూసిన ఫోను నా సంచిలో ఉంది.

మధ్యాహ్నం రెండు కావడానికి అయిదు నిమిషాల ముందు ఇంటికొచ్చాను. చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ.

"చూశావా? అయిదు నిమిషాలు ముందే వచ్చాను. ఇక పో, మంచి గుడ్డ కట్టుకుని పో!"

సికుధాని అమ్మకి అన్నం తినిపిస్తోంది. తలెత్తలేదు.

"పడవ వెళ్ళిపోయింది అక్కా."

"వెళ్ళడమేంటి, ఇంకా రాందే?"

"రెండో గంటకి వచ్చింది. నాలుగో గంటకి పోయింది."

నేను ఫోను తీశాను. సరిగ్గా రెండు కాగానే తెర మీద "సికుధాని, రేవు" అని చూపించింది అది. దాని కిందే ఆమె చేసిన ఫోన్లు, పదకొండు. మొదటిది పొద్దున ఎనిమిదికి ముందు. చివరిది పదికి.

నేను వస్తానేమో, వస్తానేమో అని ఆమె గుమ్మంలో నిలబడింది. పక్కింటివాళ్ళు పెళ్ళికి పోయారు. అమ్మని వదిలేసి పోతే పడిపోతుంది. ఇక ఆగలేక, వీధిలో కప్పులు గలగలలాడిస్తూ పోతున్న కాఫీ అమ్మే ముసలివాణ్ణి పిలిచి, "తాతా, ఈమెని కాస్త చూడు" అని మంచం పక్కన కూర్చోబెట్టి పరిగెత్తింది. రేవు చేరేసరికి తాళ్ళు విప్పేశారు. పడవ వెనక భాగంలో తెల్ల కుట్టుటోపీ కనపడింది. అరిచింది. ఆ టోపీ ఇటు తిరగలేదు.

రేవులో మూటలు మోసేవాడు చెప్పాడట. "ముసలాయన రెండు గంటలు ఆ రాతి మీదే కూర్చున్నాడమ్మా. కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు, అమ్మాయి వచ్చాక ఇద్దరం తాగుతామన్నాడు."

నేను ఏమన్నానో చెప్పాలి. సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. "అయ్యో" అనలేదు. "నువ్వు పొద్దున ఎనిమిది అని చెప్పుండాల్సింది" అన్నాను.

ఆమె అమ్మ మూతి తుడిచి, గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

సాయంత్రం నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇంకా సిగ్గుచేటు.

"పోనీ చిన్న విమానంలో పోదామే. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం."

"మా నాన్న దగ్గరకీ అయిదు నిమిషాలకేనా అక్కా?"

"అది కాదే. వచ్చే ఆదివారం పడవెక్కితే మళ్ళీ ఆదివారం దాకా తిరుగు పడవ లేదు. మధ్యలో మంగళవారం చర్చలున్నాయి. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాం. మా నూరుని పంపిస్తాను నా బదులు. సంఘం కార్యదర్శి, మంచి మాటకారి. మీ నాన్నకి అన్నీ చక్కగా చెప్తుంది."

సికుధాని కొబ్బరి తురుముతోంది. చెయ్యి ఆపకుండానే అంది.

"మా నాన్న రాతి మీద కూర్చున్నది నూరు వల్ల కాదుగా."

నూరుకి చెప్పాను, చర్చలకి నువ్వే పోవాలని. అది బిత్తరపోయి, "నువ్వు లేకుండానా? నీకు జ్వరమా అక్కా?" అంది. మా తమ్ముణ్ణి పిలిచి అమ్మ దగ్గర కూర్చోబెట్టాను. "నాకు పనులున్నాయి" అన్నాడు. "నాకూ ఉన్నాయిరా" అన్నాను. నాలుగేళ్ళలో వాడు ఆ మంచం పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. వాణ్ణి ఎప్పుడూ అడగలేదు నేను. సికుధాని ఉంది కదా.

ఆదివారం పడవెక్కాం.

సికుధాని వాళ్ళ నాన్న పేరు ఫాకి. ముజే ఫాకి అంటారు అందరూ, పెద్దాయన అని. సన్నగా, గట్టిగా, ఎండిన లవంగంలాగే ఉంటాడు. మేం వెళ్ళేసరికి ఇంటి ముందు చాపల మీద లవంగాలు పరిచి చేత్తో సవరిస్తున్నాడు. కూతురు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దలకి పెట్టే దండం పెట్టింది.

"షికమో, నాన్నా."

"మరహబా." దండం అందుకున్నాడు గానీ ఆమె ముఖం కేసి చూడలేదు. "ఆ చివరి చాప తిరగెయ్యి. వాన వచ్చేలా ఉంది."

అంతే. మూడేళ్ళ తర్వాత అంతే. సికుధాని లేచి చాప దగ్గరకి పోయింది.

నా వంతు వచ్చింది. నేను కూడా దండం పెట్టాను. ఆయన మొదలుపెట్టాడు. పొద్దు ఎలా గడిచింది? ఇల్లెలా ఉంది? ఇంట్లోవాళ్ళు? పనులు? ప్రయాణం? సముద్రం ఎలా ఉంది? నేను ఒక్కోదానికీ "బాగుంది, బాగుంది" అని గబగబా కొట్టేస్తూ మధ్యలోనే దూరాను.

"పెద్దాయనా, తప్పు నాది. ఆ రోజు మీ అమ్మాయి రాకపోవడానికి కారణం..."

ఆయన అరచెయ్యి ఎత్తాడు.

"అమ్మాయీ, నేనింకా నీ సముద్రం దగ్గరే ఉన్నాను."

చాపల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సికుధానే అనుకుంటాను. నా చెవులు కాలిపోయాయి. సముద్రం ఎలా ఉందో నేను చూడలేదు. పడవలో ఉన్నంతసేపూ చర్చల కాగితం దిద్దుతూ కూర్చున్నాను.

సోమవారం ఆయన నాతో రాధి మాట ఎత్తలేదు. లవంగాల కాడలు తుంచడం నేర్పించాడు. నేను పిడికిలి నిండా తీసి ఒకేసారి తుంచబోతే చితికిపోయాయి. "ఒక్కొక్కటి" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ పూట నేను తుంచినవన్నీ సాయంత్రం ఆయన మళ్ళీ ఏరాడు.

మంగళవారం చర్చలు. ఆ ఊళ్ళో ఫోను పలకదు. గుట్ట ఎక్కితే పలుకుతుంది. పొద్దున్నించి నాలుగుసార్లు ఎక్కాను. నాలుగోసారి దిగి వస్తుంటే ముజే ఫాకి అడిగాడు.

"గుట్ట మీద మీ చుట్టాలున్నారా అమ్మా?"

సాయంత్రం నూరు కబురు పంపింది. యజమానులు ఇంకా ఒప్పుకోలేదట, కానీ లేచిపోలేదట కూడా. వచ్చే నెల మళ్ళీ కూర్చుందామన్నారట. ఆ కింద ఇంకొక మాట రాసింది. "ఈసారి మనవాళ్ళు తొమ్మిదిమంది మాట్లాడారు అక్కా. నువ్వు లేవుగా." ఎత్తిపొడవాలని రాయలేదు అది. ఉన్నమాట రాసింది. గుట్ట మీద ఒక రాయి చూసుకుని కూర్చుండిపోయాను. అన్ని ఏళ్ళూ నేను అరిచేది వాళ్ళ కోసం అనుకున్నాను. వాళ్ళు మాట్లాడడానికి చోటు కూడా మిగల్చకుండా అరిచానని అప్పుడు తెలిసింది.

గురువారం మధ్యాహ్నం వాన పడింది. చాపలు లోపలికి లాగి చూరు కింద కూర్చున్నాం. సికుధాని గుమ్మం దగ్గర తడిసిన లవంగాలు విడదీస్తోంది. ముజే ఫాకి చిన్న కప్పులో కాఫీ పోసి నాకిచ్చాడు. చక్కెర లేని నల్ల కాఫీ, పక్కన పల్లీల అచ్చు ఒక ముక్క.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

ఎవరైనా అడిగితే చాలు, నాకు పూనకం వస్తుంది. సంఘం గురించి చెప్పాను. కుక్కల సంగతి చెప్పాను. తెల్లవారకముందు లేచి అందరూ పడుకున్నాక పడుకునే ఆడవాళ్ళ సంగతి చెప్పాను. "వారానికి ఒక రోజు పెద్దాయనా. ఒక్క రోజు. ఆ రోజు వాళ్ళది. పడుకుంటారో, తలలు అల్లుకుంటారో, అమ్మానాన్నల్ని చూసుకుంటారో, వాళ్ళిష్టం. దానికోసమే కొట్లాడుతున్నా."

ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మొత్తం విన్నాడు. కప్పు కింద పెట్టాడు.

"మంచి పని. చాలా మంచి పని." నా కప్పులో మళ్ళీ పోశాడు. "మరి మా అమ్మాయికి ఏ రోజు?"

గుమ్మం దగ్గర లవంగాలు విడదీసే చప్పుడు ఆగిపోయింది.

సికుధాని నన్ను కాపాడొచ్చు. "ఆదివారం నాన్నా" అంటే అయిపోయేది. అనలేదు. తల దించుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఆ జవాబు తనకీ కావాలన్నట్టు.

నా నోటి చివరిదాకా ఒక మాట వచ్చింది. "సికుధాని పనిమనిషి కాదు పెద్దాయనా, మా చెల్లెలి లాంటిది. మా పళ్ళెంలోనే తింటుంది." వచ్చి ఆగిపోయింది. ఆ మాట నాకు బాగా తెలుసు. నలభై ఇళ్ళ గుమ్మాల్లో విన్నాను. ప్రతి ఇంటామె నాతో అన్నది అదే. "మా ఇంటి మనిషే, దానికి సెలవేంటి?" ఆ మాట అన్నవాళ్ళ ముఖాన "సొంత మనిషైతే నువ్వు గిన్నెలు తోము, దాన్ని కూర్చోబెట్టు" అని అరిచి వచ్చేదాన్ని. అదే మాట నా నాలిక మీద ఉంది.

మూడేళ్ళు. ఒక్క రోజు లేదు. ఆ ఆదివారం అడిగింది చూశారా, అదే మొదటిది. అడిగింది రోజంతా కాదు, ఒక పూట. ఆ పూట అడగడానికి మూడేళ్ళు పట్టింది ఆమెకి. ఆలకించడానికి అరక్షణం దొరకలేదు నాకు.

"ఏ రోజూ లేదు" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వాన కేసి చూశాడు.

"కాఫీ చేదుగా ఉందా?"

"లేదు."

"ఉంటుందిలే. అచ్చు తిను."

శుక్రవారం నమాజు అయ్యాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ముజే ఫాకి చాప మీద కూర్చున్నాడు. సికుధానిని పిలిచాడు. ఆ ఉదయం ఆమె మా ఇంటి పెట్టెలోంచి వెంట తెచ్చుకున్న కొత్త గుడ్డ తీసి కట్టుకుంది. మడతల గీతలు ఇంకా పోలేదు. వచ్చి ముందు కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"ఆ రోజు రేవులో నీమీద కోపం వచ్చింది. ఆ కోపం కూడా తీసేస్తున్నా. నా మనసులో నీ మీద ఏమీ లేదు తల్లీ. నచ్చినవాణ్ణి చేసుకో, నచ్చకపోతే మానెయ్. బాగుండు."

సికుధాని ఏడ్చింది. గట్టిగా, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలా. ఇన్నాళ్ళూ మా ఇంట్లో అలా ఏడ్చే తీరిక ఆమెకి ఎక్కడిది?

నేనూ దగ్గరికి జరిగాను. తల వంచాను. "పెద్దాయనా, నాకు కూడా..."

"నీది నా దగ్గర లేదమ్మా." కూతుర్ని చూపించాడు. "అడగాల్సింది దాన్ని."

నేను సికుధాని వైపు తిరిగాను. ఇన్నేళ్ళుగా పెద్ద పెద్ద వాళ్ళ ముందు తడబడని నోరు తడబడింది. "నన్ను మన్నించవే. ఇక నుంచి నీకు వారానికి ఒక రోజు. ఏ రోజో చెప్పు, ఇప్పుడే రాసిస్తా. చెప్పు, ఏ రోజు?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నవ్వలేదు.

"ఆలోచించి చెప్తాను అక్కా. తొందరేముంది?"

ఇదంతా శనివారం రాస్తున్నాను. రేపు పడవ. సికుధాని రావడం లేదు. ఒక నెల ఉంటానంది. "ఉంటానా అక్కా?" అని అడగలేదు. ఉంటానంది. ఆ తర్వాత వస్తుందో రాదో కూడా చెప్పలేదు. నెల రోజులు మా అమ్మని నేనూ నా తమ్ముడూ వంతులేసుకుని చూసుకుంటాం. గిన్నెలు నేనే తోముతాను. చేతులింకా మర్చిపోయి ఉండవు.

ఇక మీ సంగతి. యజమానుల సంగతి తర్వాత, వాళ్ళతో వచ్చే నెల నూరు తేల్చుకుంటుంది. ముందు సంఘంలో ఉన్న మీరు. మీలో ఏడుగురి ఇళ్ళల్లో పనికి వేరే ఆడది ఉందని నాకు తెలుసు. మీరు బయటికొచ్చి పని చెయ్యడానికి మీ ఇంట్లో ఒక పల్లెటూరి పిల్లని పెట్టుకున్నారు. నా లాగే. ఇది చదవడం ఇక్కడ ఆపి లేవండి. వంటింట్లోకి వెళ్ళండి. ఆమెని కూర్చోమనండి, మీరూ ఎదురుగా కూర్చోండి. ఏ రోజు కావాలో అడగండి. వెంటనే చెప్పకపోతే చెప్పేదాకా ఆగండి, రెండు రోజులైనా సరే. చెప్పాక బొగ్గు ముక్కతో గోడ మీద రాయండి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ కనబడేట్టు. ఆ రోజు మీరు ఇల్లు కదలొద్దు. ఇక ఏ ఆదివారమూ మన మీటింగు ఉండదు. వారం మధ్యలో, పని వేళల్లో యజమాని ఇచ్చిన గంటలోనే పెట్టుకుందాం. ఆ గంట కూడా వాళ్ళ దగ్గర్నించి తీసుకోండి, ఒకరి సెలవులోంచి తీసుకోవద్దు. ఇంట్లో మనిషిని పెట్టుకుని గోడ మీద రాయనివాళ్ళు సంఘంలో ఓటుకి చెయ్యెత్తడానికి వీల్లేదు. మా ఇంటి గోడ మీద ఇంకా ఏమీ రాయలేదు. అది రాసేదాకా నన్ను అధ్యక్షురాలి కుర్చీలో కూర్చోనివ్వకండి. నేను కూర్చోబోయినా లేపండి.